లింక్ ఫైళ్లలోని తలుపులకు, కాలమ్స్‌కు ట్యాగ్‌లు ఎక్కడ పెట్టాలి? రెవిట్‌లో ఉన్న దారులు, వాటిలో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి

తిరుపతిలో ఇప్పుడు కాస్త పెద్ద బిల్డింగ్ ఏదైనా ఒక్క ఫైలుతో అయిపోవడం లేదు. రేణిగుంట రోడ్డులో ఒక లాడ్జి కడుతున్నారంటే ఆర్కిటెక్చర్ ఇక్కడి ఆఫీసుది, స్ట్రక్చర్ చెన్నై నుంచి వస్తుంది, కరెంటూ ప్లంబింగూ బెంగళూరు నుంచి వస్తాయి. మూడు ఆఫీసులు, మూడు రెవిట్ (బిల్డింగ్‌ను 3డీ మోడల్‌గా తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు. సైటుకు వెళ్లే షీటు మాత్రం ఒక్కటే. ఆ షీటు మీద తలుపు పక్కన, కాలమ్ పక్కన, గది మధ్యలో కనిపించే చిన్న నంబరు ఏ ఫైలులో పుట్టాలి? దాన్ని చూపించే ట్యాగ్ ఏ ఫైలులో ఉండాలి? ఈ రెండూ ముందే తేల్చుకోని ప్రాజెక్టు చివరి వారంలో తప్పకుండా ఇబ్బంది పెడుతుంది.

ఇది డ్రాయింగ్ అందంగా ఉందా లేదా అన్న విషయం కాదు. మేస్త్రీ మోడల్ తెరిచి చూడడు. కార్పెంటర్ చేతిలో ఉండేది ఒక ఏ3 ప్రింటు, లేదంటే వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్. అందులో డి2 అని ఉంటే 900 బై 2100, డి3 అని ఉంటే బాత్‌రూమ్‌కు 750 బై 2100 అనుకుని ఫ్రేములు కోయిస్తాడు. ఫ్రేము నిలబెట్టి, గోడ కట్టి, ప్లాస్టరింగ్ కూడా అయ్యాక నంబరు తప్పని తేలితే పగలగొట్టడం తప్ప దారి లేదు. టేకు ధర తెలిసిన ఓనరుకు ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

ముందుగా ఒక సంగతి. రెవిట్‌లో ట్యాగ్ తనలో ఏమీ దాచుకోదు. ఎలిమెంట్‌లో, అంటే తలుపు, కాలమ్ లాంటి మోడల్ భాగంలో, ఉన్న విలువను చదివి చూపిస్తుంది, అంతే. కాబట్టి నంబరు ఎవరిది అన్నది ఒక ప్రశ్న, ట్యాగ్ ఎక్కడ అన్నది ఇంకో ప్రశ్న. చాలా ఆఫీసుల్లో ఈ రెండింటినీ కలిపేసి ఆలోచిస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎలిమెంట్ ఎవరి ఫైలులో ఉంటే నంబరు వాళ్లదే, షీటు ఎవరు వేస్తే ట్యాగ్ వాళ్లదే. దీన్ని పక్కన పెట్టాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, అవి ఎప్పుడొస్తాయో కింద చెబుతాను.

హోస్ట్‌లోనే ట్యాగ్ చేయడం

మిగతా ఫైళ్లను తెచ్చి లింక్ చేసుకునే ఫైలును హోస్ట్ అంటాం. అందులో కీబోర్డు మీద టి, జి నొక్కితే ట్యాగ్ బై క్యాటగిరీ వస్తుంది. లింక్‌లోని తలుపు మీద కర్సర్ పెట్టి క్లిక్ చేస్తే అది సొంత ఫైలు తలుపులాగే ట్యాగ్ అవుతుంది. ఒకేసారి అన్నింటికీ కావాలంటే ట్యాగ్ ఆల్ తెరిచి, లింక్ ఫైళ్లలోని ఎలిమెంట్స్‌ను కూడా కలపమనే చిన్న టిక్ పెట్టాలి. ఈ టిక్ మరిచిపోయి, లింక్ తలుపులకు ట్యాగ్‌లు రావడం లేదని తల పట్టుకునేవాళ్లు కొత్తగా చేరిన పిల్లల్లో చాలామంది ఉంటారు.

ఈ దారిలో లాభం ఏమిటంటే ట్యాగ్ ఫ్యామిలీ, అంటే ట్యాగ్ ఎలా కనిపించాలో చెప్పే నమూనా, హోస్ట్‌ది. అక్షరం సైజు, గుండ్రం, గీత అన్నీ మన ఆఫీసు పద్ధతిలోనే వస్తాయి. డైమెన్షన్ మీద పడితే పక్కకు జరుపుకోవచ్చు, లీడర్ (ట్యాగ్ నుంచి ఎలిమెంట్‌కు వెళ్లే గీత) గీయొచ్చు. కన్సల్టెంట్‌ను ఒక్క మాట కూడా అడగక్కర్లేదు. స్ట్రక్చర్ ఫైలులోని కాలమ్స్, బీములు, ఎమ్‌ఈపీ (కరెంటు, ప్లంబింగ్) ఫైలులోని లైట్లు, ఫ్యాన్లు, లింక్‌లోని గదులు, అన్నింటికీ ఇది పనిచేస్తుంది.

పరిమితి కూడా అంతే స్పష్టంగా ఉంది. హోస్ట్‌లో కూర్చుని ఆ విలువను మార్చలేరు. సొంత ఫైలులో అయితే ట్యాగ్ మీద క్లిక్ చేసి 104ను 105 చేసేయొచ్చు. లింక్ ఎలిమెంట్ ట్యాగ్ మీద ఎన్నిసార్లు క్లిక్ చేసినా లాభం లేదు. మార్చాలంటే ఆ ఫైలునే తెరవాలి. అదే రెవిట్ సెషన్‌లో దాన్ని తెరిస్తే హోస్ట్‌లో లింక్ అన్‌లోడ్ అయిపోతుంది, మళ్లీ రీలోడ్ చేయాలి. మన ఆఫీసు ఫైలే అయితే రెవిట్‌ను ఇంకోసారి తెరిచి అందులో మార్చుకోవడం తేలిక. బయటి ఆఫీసు ఫైలు అయితే తప్పులన్నీ ఒక చోట రాసి, ఒకేసారి పంపి, వాళ్లతోనే సరిచేయించాలి. మనమే తెరిచి సరిచేసేద్దాం అని టెంప్ట్ కావద్దు. వాళ్ల తర్వాతి ఫైలు రాగానే మనం దిద్దినవన్నీ పోతాయి.

రెండో పరిమితి అనాథలయ్యే ట్యాగ్‌లు. హోస్ట్‌లోని ట్యాగ్ ఆ తలుపు ఐడీని పట్టుకుని ఉంటుంది. లింక్ ఫైలులో ఎవరైనా ఆ తలుపును డిలీట్ చేసి, అదే చోట ఇంకో తలుపు పెట్టారనుకోండి. కళ్లకు రెండూ ఒకటే. రెవిట్‌కు మాత్రం పాత తలుపు పోయింది, కొత్తది వచ్చింది. రీలోడ్ చేయగానే ట్యాగ్‌కు ఆధారం పోతుంది. ఇలాంటివాటి లిస్టు కొలాబరేట్ ట్యాబ్‌లో ఉండే రికన్సైల్ హోస్టింగ్‌లో కనిపిస్తుంది. అక్కడ ఒక్కోదానికి కొత్త హోస్ట్ చూపించి మళ్లీ తగిలించుకోవచ్చు. పదో పన్నెండో అయితే ఓపికగా చేస్తాం. ఫ్లోరంతా పోతే మళ్లీ ట్యాగ్ ఆల్ చేసుకోవడమే మేలు.

దీన్ని తగ్గించే మార్గం కన్సల్టెంట్ చేతిలో ఉంది. తలుపు సైజు మార్చాలంటే తీసేసి పెట్టకుండా, దాన్ని సెలెక్ట్ చేసి టైప్ సెలెక్టర్‌లో టైపు మార్చమని చెప్పండి. ఐడీ అలాగే ఉంటుంది, మీ ట్యాగ్ అలాగే ఉంటుంది, లోపలి విలువ మాత్రం కొత్తది చూపిస్తుంది. అలాగే ఫైలు పంపేటప్పుడు పాత ఫైలునే సేవ్ యాజ్ చేసి పంపమనండి. కొత్త ఖాళీ ఫైలులోకి మోడల్ అంతా కాపీ చేసి పంపితే ఐడీలన్నీ మారిపోయి మొదటికే మోసం వస్తుంది.

ఇక్కడే ఫైలు పేరు సంగతి కూడా. ఫైనల్, ఫైనల్ 2, లేటెస్ట్ ఫైనల్ అని ప్రతిసారీ పేరు మార్చి పంపే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అప్పుడు కొందరు మేనేజ్ లింక్స్‌లోకి వెళ్లి పాతదాన్ని రిమూవ్ కొట్టి, కొత్తదాన్ని మళ్లీ లింక్ చేస్తారు. రిమూవ్ చేస్తే వెనక్కి తెచ్చుకునే వీలు లేదు, ఆ లింక్‌కు పెట్టిన ట్యాగ్‌లు కూడా దాంతోనే పోతాయి. పేరు మారినా సరే, రీలోడ్ ఫ్రమ్ వాడి కొత్త ఫైలును చూపించండి. ఇంకా మంచిది, లింక్ ఫోల్డర్‌లో ఎప్పుడూ ఒకే పేరు ఉంచి, పాతవాటిని తేదీ వేసి వేరే ఫోల్డర్‌లో దాచడం.

లింక్ ఫైలులోనే ట్యాగ్ చేసి, ఆ వ్యూను చూపించడం

రెండో దారి బై లింక్డ్ వ్యూ. లింక్ ఫైలు చేసినవాళ్లే తమ ప్లాన్‌లో ట్యాగ్‌లు పెడతారు. మనం హోస్ట్ ప్లాన్‌లో విజిబిలిటీ గ్రాఫిక్స్ తెరిచి, రెవిట్ లింక్స్ ట్యాబ్‌లో ఆ లింక్ డిస్‌ప్లే సెట్టింగ్‌ను బై హోస్ట్ వ్యూ నుంచి బై లింక్డ్ వ్యూకు మార్చి, వాళ్ల వ్యూ పేరు ఎంచుకుంటాం. వాళ్ల ట్యాగ్‌లు, డైమెన్షన్లు, టెక్స్ట్ అన్నీ మన షీటులో ప్రత్యక్షమవుతాయి.

వినడానికి ఇదే సులువుగా అనిపిస్తుంది. పని ఒక్కసారే, పైగా చేసినవాళ్లే చేశారు. కన్సల్టెంట్ తన షీట్లు తాను వేసుకుంటూ, మనకు రిఫరెన్సు కోసం మాత్రమే చూపించాల్సి వస్తే ఇది నిజంగా బాగుంటుంది. బీముల లేఅవుట్ నంబర్లతో సహా మన సీలింగ్ ప్లాన్ వెనక లేత రంగులో చూసుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

సైటుకు వెళ్లే ఆర్కిటెక్చర్ షీటుకు మాత్రం నేను దీన్ని వద్దంటాను. వాళ్ల ట్యాగ్ మన డైమెన్షన్ మీద పడితే ఇక్కడి నుంచి జరపలేం. వాళ్ల ట్యాగ్ ఫ్యామిలీ, వాళ్ల అక్షరం సైజు. స్ట్రక్చర్ వ్యూ 1:50లో, మన వ్యూ 1:100లో ఉంటే షీటు చూడడానికే చిరాకు. అన్నింటికంటే పెద్ద ప్రమాదం, ఆ వ్యూ వాళ్లది. అక్కడ ఎవరో తమ అవసరం కోసం ఒక క్యాటగిరీని ఆపేస్తే, మనకు తెలియకుండానే మన షీటులోంచి నంబర్లు మాయమవుతాయి. తప్పదు అనుకుంటే మన కోసం ప్రత్యేకంగా ఒక వ్యూ చేయించి, దానికి ఆఫీసు పేరుతో కలిపి పేరు పెట్టించి, దాన్ని ముట్టుకోవద్దని రాతపూర్వకంగా చెప్పాలి. మన వైపు ఆ సెట్టింగ్‌ను వ్యూ టెంప్లేట్‌లో పెట్టుకుంటే ప్రతి ఫ్లోరుకూ విడిగా చేసే పని తప్పుతుంది, కానీ ఒక్కో ఫ్లోరుకు ఒక్కో లింక్ వ్యూ కాబట్టి టెంప్లేట్లు కూడా అన్ని కావాలి.

ఒకే బ్లాకు మూడుసార్లు ఉంటే

అసలు సమస్య ఇక్కడుంది. తిరుపతి చుట్టుపక్కల హాస్టళ్లు, లాడ్జిలు, స్టాఫ్ క్వార్టర్స్ ఎక్కువ. ఒకే నమూనా బ్లాకు మూడు నాలుగుసార్లు కడతారు. తెలివిగా ఒక్క బ్లాకు ఫైలు చేసి, సైట్ ఫైలులో దాన్నే మూడుచోట్ల లింక్ చేస్తాం. మోడల్ తేలిగ్గా ఉంటుంది, ఒకచోట మారిస్తే మూడుచోట్లా మారుతుంది. కానీ తలుపు మార్క్ (తలుపుకు ఇచ్చే విడి నంబరు) 104 కూడా మూడుచోట్లా 104గానే ఉంటుంది. ఒకే ఫైలులో రెండు తలుపులకు ఒకే మార్క్ ఇస్తే రెవిట్ హెచ్చరిస్తుంది. ఇక్కడ ఫైలులో ఉన్నది ఒక్క తలుపే, కాబట్టి ఆ హెచ్చరిక రాదు. వేర్వేరు ఫైళ్లలో ఒకే నంబరు ఉన్నా అంతే, ఒక ఫైలు సంగతి ఇంకో ఫైలుకు పట్టదు.

సైటు నుంచి ఫోన్ వస్తుంది. "సార్, 104 తలుపుకు లాక్ మార్చమన్నారు కదా, ఏ బిల్డింగ్‌లో?" అప్పుడు మన దగ్గర సమాధానం ఉండదు. తిరుమలలో గది దొరికితే చీటీ మీద నంబరొక్కటే రాసివ్వరు. నందకమా, పాంచజన్యమా, కౌస్తుభమా అన్నది ముందు ఉంటుంది, నంబరు తర్వాత వస్తుంది. బ్లాకు పేరు లేని తలుపు నంబరు సైటులో ఎందుకూ పనికిరాదు.

దీనికి మూడు పరిష్కారాలు ఉన్నాయి, వీటిలో ఏది అన్నది పూర్తిగా మీ షీట్ల మీద ఆధారపడి ఉంటుంది.

మూడు బ్లాకులూ చివరిదాకా ఒకేలా ఉండేటట్టయితే, తలుపుకు విడి నంబరు అసలు అవసరమా అని ముందు అడగండి. రెవిట్‌తో వచ్చే డోర్ ట్యాగ్ మార్క్‌ను చదువుతుంది, అంటే తలుపు తలుపుకూ వేరే నంబరు. విండో ట్యాగ్ టైప్ మార్క్‌ను చదువుతుంది, అంటే ఆ రకం కిటికీలన్నింటికీ ఒకే నంబరు. మన దగ్గర కార్పెంటర్లకూ, యూపీవీసీ కిటికీల వాళ్లకూ అలవాటైనది రెండో పద్ధతే: డి1, డి2, డబ్ల్యూ1, వి1. డోర్ ట్యాగ్‌ను కూడా టైప్ మార్క్ చదివేలా మార్చుకుంటే మూడు బ్లాకుల సమస్య సగం అక్కడే తీరుతుంది. రకానికి ఎన్ని కావాలో షెడ్యూల్ (మోడల్‌లోని ఎలిమెంట్స్‌ను వరుసగా చూపే పట్టిక) లెక్క చెబుతుంది, లింక్ మూడుసార్లు ఉంటే మూడుసార్లూ లెక్కలోకి వస్తాయి.

విడి నంబర్లు కావాల్సిందే అయితే, ఉదాహరణకు ప్రతి గది తలుపుకు వేరే తాళం, వేరే కార్డు ఉండే హోటల్ అయితే, రెండో పరిష్కారం ట్యాగ్ ఫ్యామిలీలో ఉంది. ట్యాగ్ ఫ్యామిలీ తెరిచి ఎడిట్ లేబుల్‌లోకి వెళ్తే పారామీటర్ (మార్క్ లాంటి ఒక్కో విలువ పేరు) పక్కన ప్రిఫిక్స్ (విలువకు ముందు చేర్చేది) అనే కాలమ్ ఉంటుంది. అందులో బ్లాకు అక్షరం, ఒక గీత రాసి, ఆ ఫ్యామిలీని ఆ బ్లాకు పేరుతో సేవ్ చేయండి. ఇలా బ్లాకుకొకటి చేసుకోవాలి. హోస్ట్‌లో బి బ్లాకు ప్లాన్‌కు వేరే వ్యూ పెట్టి, మిగతా బ్లాకుల లింక్‌లను అందులో కనపడకుండా చేసి, బి ట్యాగ్‌తో ట్యాగ్ ఆల్ కొడితే అన్నీ బి-101, బి-102 అని వస్తాయి. లింక్ ఫైలులో ఉన్నది మాత్రం 101, 102 మాత్రమే.

ఈ పద్ధతికి ఒక తోడు కావాలి. ట్యాగ్‌లో మనం పెట్టిన బి అక్షరం షెడ్యూల్‌కు తెలియదు. కాబట్టి హోస్ట్‌లో డోర్ షెడ్యూల్ చేసేటప్పుడు ఫీల్డ్స్ పేజీలో లింక్‌లలోని ఎలిమెంట్స్‌ను కలపమనే టిక్ పెట్టి, లింక్ ఇన్‌స్టన్స్ పేరును కూడా ఒక కాలమ్‌గా తెచ్చుకోండి. ప్రతి లింక్‌కూ ప్రాపర్టీస్‌లో పేరు ఇచ్చుకోవచ్చు. అక్కడ బ్లాకు అక్షరం రాసుంటే, షెడ్యూల్‌ను దాని ప్రకారం వరుస పెట్టుకోవచ్చు. ట్యాగ్‌లో ఒక దారిన, షెడ్యూల్‌లో ఇంకో దారిన వచ్చినా షీటు మీద రెండూ ఒకటే చెబుతాయి. మనిషి చేత్తో పెట్టే ట్యాగ్ కాబట్టి సి బ్లాకు వ్యూలో బి ట్యాగ్ పెట్టే అవకాశం ఉంది. ప్రింటుకు ముందు ఒక్కో బ్లాకు షీటును ఒక్కసారి కళ్లారా చూడక తప్పదు.

మూడో పరిష్కారం లింక్ బదులు గ్రూప్, అంటే ఒకే ఫైలులో ఎలిమెంట్స్‌ను ఒక కట్టగా చేసి మళ్లీ మళ్లీ పెట్టుకోవడం. మూడు బ్లాకులూ ఒకే ఫైలులో గ్రూపులుగా ఉంటే, ఒకే గ్రూప్ అయినా ఒక్కోచోట తలుపు మార్క్ వేరుగా ఉండొచ్చు. మనం సొంతంగా చేర్చే పారామీటర్‌కు కూడా గ్రూప్ ఇన్‌స్టన్స్‌ను బట్టి విలువ మారొచ్చు అనే ఆప్షన్ ఉంటుంది. నంబర్ల వరకు చూస్తే ఇదే అన్నింటికంటే శుభ్రమైన పద్ధతి. ఫైలు బరువెక్కుతుంది, గ్రూప్‌ను ఎడిట్ చేసేటప్పుడు విసుగు పెడుతుంది. రెండు మూడు చిన్న బ్లాకులైతే గ్రూప్‌కే వెళ్లండి. ఐదు ఫ్లోర్ల బ్లాకులు నాలుగైతే లింక్‌కే ఉండండి.

అద్దంలో తిప్పిన బ్లాకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్థలం ఆకారాన్ని బట్టి ఒక బ్లాకును మిర్రర్ చేసి పెడుతుంటారు. మోడల్‌లో తలుపు కూడా తిరుగుతుంది, చూడడానికి బాగానే ఉంటుంది. కానీ తలుపు ఎడమ చేతిదా, కుడి చేతిదా అని ఒక పారామీటర్‌లో రాసి, దాన్ని ట్యాగ్‌లోనో షెడ్యూల్‌లోనో చూపిస్తుంటే అది తిరగదు. అసలు ఫైలులో ఎడమ అని ఉంటే మిర్రర్ చేసిన బ్లాకులోనూ ఎడమ అనే వస్తుంది. కార్పెంటర్ కాగితాన్ని నమ్మి కబ్జాలు అటువైపే బిగిస్తాడు. మిర్రర్ బ్లాకు ఉంటే దానికి విడి ఫైలు చేయండి. ఇందులో రాజీ పడవద్దు.

కాపీ మానిటర్, బైండ్

కాపీ మానిటర్‌తో లింక్‌లోని గ్రిడ్లు (కాలమ్స్ వరుసలను చూపే గీతలు), లెవెల్స్ (ఫ్లోర్ల ఎత్తులు), కాలమ్స్, గోడలు, ఫ్లోర్లు మన ఫైలులోకి కాపీ చేసుకోవచ్చు. అసలుది మారితే మనకు హెచ్చరిక వస్తుంది. కాపీ మనదే కాబట్టి ట్యాగ్, నంబరు అన్నీ మన ఇష్టం. గ్రిడ్లకు, లెవెల్స్‌కు దీన్ని తప్పకుండా వాడండి. కాలమ్స్‌కు వద్దు. స్ట్రక్చర్ లింక్‌లో ఒక కాలమ్, మన ఫైలులో దాని కాపీ ఇంకో కాలమ్, రెండింటినీ కలిపి షెడ్యూల్ తీస్తే కాంక్రీటు లెక్క రెట్టింపు అవుతుంది. పైగా ఒకే కాలమ్‌కు వాళ్ల షీటులో ఒక నంబరు, మన షీటులో ఇంకో నంబరు వచ్చే ప్రమాదం ఉంది.

గ్రిడ్ల విషయంలో ఇంకో మాట. కాలమ్ ఏ రెండు గ్రిడ్ల కూడలిలో ఉందో చెప్పే కాలమ్ లొకేషన్ మార్క్ అనే విలువ రెవిట్ తానే లెక్కగడుతుంది. లింక్‌లోని కాలమ్‌కు ఆ విలువ లింక్ ఫైలు గ్రిడ్ల నుంచే వస్తుంది. మన ప్లాన్‌లో గ్రిడ్ పేరు సి, వాళ్ల ఫైలులో అదే గీత పేరు డి అయితే, ట్యాగ్‌లో ఒకటి, పక్కనే గ్రిడ్ బుడగలో ఇంకొకటి కనిపిస్తాయి. కాపీ మానిటర్ పెట్టుకున్న ప్రాజెక్టులో ఈ తేడా ముందే బయటపడుతుంది.

బైండ్ లింక్ అంటే లింక్‌ను విప్పి గ్రూప్‌గా మన ఫైలులో కలిపేసుకోవడం. కన్సల్టెంట్ పని పూర్తయి, ఇక వాళ్ల నుంచి కొత్త ఫైలు రాదని ఖాయంగా తెలిసినప్పుడే దాని జోలికి వెళ్లాలి. నడుస్తున్న ప్రాజెక్టులో బైండ్ చేస్తే, వచ్చే వారం వచ్చే మార్పులన్నీ మనమే చేత్తో దిద్దుకోవాలి.

టెక్స్ట్ నోట్‌తో నంబరు టైపు చేసేయడాన్ని నేను ఒక దారిగా లెక్కపెట్టడం లేదు. రాత్రి పదకొండింటికి షీటు పంపాలనే టెన్షన్‌లో చేతులు అటే పోతాయి. తలుపు మారినా టెక్స్ట్ మారదు, షెడ్యూల్‌కు దాంతో సంబంధం ఉండదు, ఎక్కడ పెట్టామో మనకే గుర్తుండదు.

సామగ్రి సప్లయర్ ఇచ్చే ఫైళ్లు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల పనులు చేసేవాళ్లకు, శ్రీసిటీ వైపు షెడ్లు చేసేవాళ్లకు ఇది తరచుగా ఎదురవుతుంది. మెషినరీ సప్లయర్ తన మోడల్ ఇస్తాడు. దాన్ని లింక్ చేసి ట్యాగ్ పెడితే ప్రశ్నార్థకం కనిపిస్తుంది, ఎందుకంటే లోపల మార్క్ ఖాళీ. నింపమని అడిగితే అది వాళ్ల పని కాదంటారు. ఇక్కడ నేను పైన చెప్పిన సూత్రాన్ని పక్కన పెట్టాలి. నంబరు మనదే కావాలి, ఎలిమెంట్ మాత్రం మనది కాదు.

ఇలాంటప్పుడు జెనరిక్ అనొటేషన్ ఫ్యామిలీ ఒకటి చేసి, అందులో నంబరు, పేరు అనే రెండు పారామీటర్లు పెట్టి, మెషిన్ మెషిన్‌కూ చేత్తో పెట్టండి. వాటన్నింటినీ లిస్టుగా తీయడానికి నోట్ బ్లాక్ అనే షెడ్యూల్ ఉంది. టెక్స్ట్ నోట్‌కూ దీనికీ తేడా అదే, ఇది లెక్కకు దొరుకుతుంది. సప్లయర్ కొత్త ఫైలు పంపినా మన నంబర్లు చెక్కుచెదరవు. మెషిన్ జరిగితే మాత్రం గుర్తును మనమే జరపాలి.

పారామీటర్లు కలవకపోతే ఏ దారీ పనిచేయదు

మార్క్, టైప్ మార్క్ లాంటివి రెవిట్‌తోనే వస్తాయి కాబట్టి ఏ ఫైలులోనైనా చదవబడతాయి. ఫైర్ రేటింగ్‌నో, తాళం రకాన్నో మన సొంత పేరుతో చేర్చుకుంటే అది షేర్డ్ పారామీటర్ అయి ఉండాలి. మామూలు ప్రాజెక్ట్ పారామీటర్‌ను ట్యాగ్ చదవదు. పైగా పేరు ఒకటే అయితే సరిపోదు. ప్రతి షేర్డ్ పారామీటర్‌కూ లోపల ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. మన ఆఫీసులో లాక్ టైప్ అని ఒకటి, కన్సల్టెంట్ దగ్గర అదే పేరుతో ఇంకొకటి విడివిడిగా తయారుచేసుకుంటే, పేర్లు కవల పిల్లల్లా ఉన్నా రెవిట్ వాటిని వేరుగానే చూస్తుంది. హోస్ట్ ట్యాగ్‌లో ఆ విలువ రాదు. షేర్డ్ పారామీటర్ల టెక్స్ట్ ఫైలును ప్రాజెక్టు మొదటి రోజే అందరికీ పంపండి, ఎవరూ సొంతంగా చేయవద్దని చెప్పండి.

వెర్షన్ కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. పాత వెర్షన్ ఫైలును కొత్త రెవిట్‌లో లింక్ చేయొచ్చు, తెరిచిన ప్రతిసారీ అప్‌గ్రేడ్ చేసుకుంటూ సమయం తింటుంది. కొత్త వెర్షన్ ఫైలు పాత రెవిట్‌లోకి అసలు రాదు. అలాగే ట్యాగ్ చేయాల్సిన ఫైలును నేరుగా హోస్ట్‌లోకే లింక్ చేయండి, ఇంకో లింక్ లోపల దాచి తేవద్దు. ఆఫీసుల మధ్య ఫైళ్లు ఒకదాన్నొకటి లింక్ చేసుకుంటుంటే రిఫరెన్స్ టైపు ఓవర్‌లే పెట్టుకోండి, అప్పుడు ఒకరి లింక్‌లు ఇంకొకరి ఫైలులోకి పాకవు.

వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు

ఆర్కిక్యాడ్‌లో లింక్‌ను హాట్‌లింక్ మాడ్యూల్ అంటారు. ప్రతి హాట్‌లింక్‌కూ మాస్టర్ ఐడీ ఇచ్చుకోవచ్చు, దాన్ని ఎలిమెంట్ ఐడీతో కలిపి చూపించుకోవచ్చు. మూడు బ్లాకుల సమస్యకు ఇది రెవిట్ కంటే సూటి సమాధానం, ఆ విషయం ఒప్పుకోవాలి. ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్‌లో ఎక్స్‌రెఫ్ (బయటి నుంచి జతచేసిన డ్రాయింగ్ ఫైలు) లోపలి తలుపులను కూడా ట్యాగ్ చేయొచ్చు, షెడ్యూల్ టేబుల్‌కు ఎక్స్‌రెఫ్‌లను కూడా వెతకమని చెప్పొచ్చు. మామూలు ఆటోక్యాడ్‌లో పనిచేసేవాళ్లు నంబర్లను ఎక్స్‌రెఫ్ ఫైలులోనే పెట్టి, షీటు ఫైలులో టైటిల్ బ్లాక్, వ్యూపోర్టులు మాత్రమే ఉంచుకోవడం మంచిది. ఆన్‌లైన్ అనుమతికి పెట్టే డ్రాయింగ్ సంగతి వేరు, అక్కడ లేయర్లదే రాజ్యం, ఈ ట్యాగ్‌ల లెక్క దానికి పట్టదు.

ఇంతకీ మీకు ఏది?

ఒక ఇల్లు, లేదా కరకంబాడి రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్, స్ట్రక్చర్ మాత్రమే బయటి నుంచి వస్తుంటే: ఆర్కిటెక్చర్‌ను ముక్కలు చేయకండి. తలుపులు, కిటికీలు, గదులు మన ఫైలులోనే, కాలమ్స్‌కు మాత్రం హోస్ట్‌లో లింక్ ట్యాగ్‌లు. లింక్ గోడల మధ్య మన గదులు పెట్టాల్సి వస్తే లింక్ టైప్ ప్రాపర్టీస్‌లో రూమ్ బౌండింగ్ టిక్ పెట్టడం మరవొద్దు.

వేర్వేరు ప్లాన్లు ఉన్న బ్లాకులను ఆఫీసులో ముగ్గురు ముగ్గురుగా చేస్తుంటే: బ్లాకుకొక ఫైలు, ప్రతి మార్క్‌కూ బ్లాకు అక్షరం ఆ ఫైలులోనే ముందుగా చేర్చి, ట్యాగ్‌లూ షీట్లూ హోస్ట్‌లో. నేను ఎక్కువ ప్రాజెక్టులకు చెప్పే సలహా ఇదే. ఒకే బ్లాకు మళ్లీ మళ్లీ వస్తే టైప్ మార్క్‌తో సరిపెట్టుకోగలరా చూడండి, కుదరకపోతే ప్రిఫిక్స్ ట్యాగ్‌లకు వెళ్లండి. కన్సల్టెంట్ షీట్లు కన్సల్టెంటే వేస్తుంటే, మన వైపు రిఫరెన్సుకు బై లింక్డ్ వ్యూ చాలు.

ఏ దారి పట్టినా షీట్లు బయటికి పంపే ముందు లింక్‌లన్నీ రీలోడ్ చేసి, రికన్సైల్ హోస్టింగ్ లిస్టు ఖాళీగా ఉందో లేదో చూసి, ప్రశ్నార్థకం చూపిస్తున్న ట్యాగ్‌ల కోసం ప్లాన్లన్నీ ఒకసారి తిరగేయండి. షెడ్యూల్‌లో మార్క్ ఖాళీగా ఉన్న వరుసలు పైకి వచ్చేలా సార్ట్ చేస్తే ఈ పని ఇంకా త్వరగా అవుతుంది. కాంట్రాక్టరుకు ఆటోక్యాడ్ ఫైలు కూడా ఇవ్వాల్సి ఉంటే, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లింక్‌లను ఎక్స్‌రెఫ్‌లుగా పంపే టిక్ తీసేయండి. లేకపోతే ఒక్క షీటుకు నాలుగు ఫైళ్లు తయారవుతాయి, వాట్సాప్‌లో వాటిలో ఒక్కటే వెళ్తుంది, అవతల తెరిచినవాళ్లకు గోడలూ తలుపులూ లేకుండా ట్యాగ్‌లు మాత్రమే కనిపిస్తాయి.